కొత్త పాస్టరుగారి మొదటి బిడ్డ

మా ఆయన డౌగల్ మెక్‌ఫీ క్రాస్ క్రీక్ అనే ఏటిగట్టు ఊళ్లో ఉప్పు, మేకులు, నారబట్టలు అమ్ముతారు. స్కాట్లండ్ నుంచి వచ్చి ఓడ దిగినప్పుడు ఆయన వెంట ఉన్నవి ఒక బైబిలు, ఒక మేనత్త. ఆ బైబిలు అట్ట లోపల ఏడు తరాల పేర్లు రాసి ఉన్నాయి. హెక్టర్ కొడుకు డౌగల్, డౌగల్ కొడుకు హెక్టర్, పైనుంచి కిందిదాకా అంతే. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టాలి. ఆ బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికీ అదే పేరు.

అలా ఇద్దరు హెక్టర్లను ఏటిగట్టున పైన్ చెట్ల కింద పడుకోబెట్టాం. మూడోవాడు పుట్టి ఐదు వారాలు. పాలు బాగా తాగుతాడు, ఊరంతా వినబడేలా ఏడుస్తాడు. అయినా వాడు నిద్రపోతే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఆ పేరు వీడికి వద్దని ఒక్కసారి అన్నాను. మా నాన్న పేరు నేనే ఆపేస్తే ఎట్లా ఎల్స్‌పెత్, అన్నారాయన. మళ్లీ అడగడానికి నోరు రాలేదు.

రెండేళ్లుగా మా చర్చికి పాస్టరు లేరు. ఇప్పుడు కొత్తాయన పడవలో వస్తున్నారని, ఆదివారమే బిడ్డలకు బాప్తిస్మమిచ్చి పేర్లు పెడతారని కబురొచ్చింది. శనివారం ఆయన మేనత్త, మొరాగ్ అత్తయ్య, పెనం మీద ఓట్స్ రొట్టె కాలుస్తూ, కొత్త పాస్టరు మొదట బాప్తిస్మమిచ్చే మగబిడ్డకు ఆయన పేరే పెట్టాలని, లేకపోతే ఆయన్ని అవమానించినట్టేనని అంది. అవును, మన వైపు ఎక్కడైనా అంతే కదా అన్నారు మా ఆయన. అత్తయ్య రొట్టె తిరగేసి నా వైపు ఒకసారి చూసింది.

ఇక నాకు కాలు నిలవలేదు. మా ఊరి బెథియా కొడుక్కీ ఆదివారమే బాప్తిస్మం. వాళ్ల ఇల్లు చర్చికి ఎదురుగానే. అందుకే ఆ పొద్దున చర్చి తలుపులు తెరవకముందే వెళ్లి నిలబడ్డాను. తీరా చూస్తే బెథియా వచ్చి చిట్టచివరి బల్ల మీద కూర్చుంది. మగబిడ్డలున్న మరో ఇద్దరు తల్లులూ అక్కడే ఇరుక్కున్నారు.

"నువ్వే ముందు పో తల్లీ. మా మామ పేరు పోయిందంటే ఏడాదిపాటు నాకు అన్నం పుట్టదు," అంది బెథియా, నేను దగ్గరికెళ్లి అడిగితే, నా చెవిలో.

ప్రసంగం అయిపోయింది. పాస్టరుగారు బిడ్డల్ని తీసుకురమ్మన్నారు. ఒక్కరూ కదల్లేదు. మాలో బిడ్డను ఎత్తుకుని ముందుకు నడవాల్సింది తండ్రి. మా ఆయన ముఖంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

"ఒరే డౌగల్, ఆయన ఇంత దూరం వచ్చింది బాప్తిస్మపు గిన్నె ఊరికే చూసి పోవడానికట్రా?" అంది అత్తయ్య, అందరికీ వినబడేలా.

ఆయన నా ఒళ్లోంచి బిడ్డను తీసుకుని గబగబా నడిచారు. పేరేమిటని పాస్టరుగారు అడిగారు.

"తమరి పేరేనండి."

పాస్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. తన పేరు ముంగో అని క్షమాపణ అడుగుతున్నట్టు చెప్పారు. ఆ వింత పేరు వినగానే చివరి బల్ల మీద ఆడవాళ్లు నవ్వాపుకోలేక శాలువాల కొసలు నోట్లో కుక్కుకున్నారు. నీళ్లు పడగానే మావాడు చర్చి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడు.

బయటికొచ్చాక అత్తయ్య ఏడు తరాలూ వరసగా అప్పజెప్పి, డౌగల్ కొడుకు ముంగో దగ్గర ఆగింది. నోటికి కొత్తగా ఉంది గానీ బాగానే ఉందంది.

దారిలో మా ఆయన బిడ్డను నాకివ్వలేదు. హెక్టర్ అనే పేరు తప్పించాలని కావాలనే అందరికంటే ముందు వచ్చానని, తప్పయితే క్షమించమని అడిగాను.

"పొద్దున నువ్వెక్కడ బెథియా కంటే వెనకబడతావోనని నాకే భయమేసింది," అన్నారాయన. "నాన్న మాట కాదనడం నావల్ల కాదు. పాస్టరుగారి పేరంటే నాన్నయినా ఏమంటాడు?"

ఆదివారం ఈల వేయడం మాలో పెద్ద తప్పు. ఇల్లు చేరేదాకా ఆయన ఈల వేస్తూనే ఉన్నారు. అత్తయ్య మాత్రం ఏమీ వినబడనట్టు మాకంటే నాలుగడుగులు ముందు నడిచింది.