మల్లన్న గుట్ట వయసు

రాజకుమారి టీచరుకు ఆ డిజిటల్ బోర్డంటే ప్రాణం. లెక్కల జగదీశ్వర్ సారుకు దాని మీద కన్ను. గోదావరిఖనిలోని ఆ హైస్కూలుకు వచ్చింది ఒక్కటే బోర్డు మరి! వేలితో తాకితే చాలు, భూగోళం గిర్రున తిరుగుతుంది. గోడకున్న పాత పటంలో హిమాలయాలను చెదలు ఎప్పుడో తినేశాయి. బోర్డు పోతే ఆవిడ మళ్లీ గాలిలో చేతులు తిప్పుతూ పర్వతాలు చెప్పుకోవాలి. ఈ మాట స్టాఫ్ రూములో ఆవిడ చెప్పని రోజు లేదు.

"భూమి గుండ్రంగుంటదని చెప్పనీకి గంత బోర్డెందుకు టీచరమ్మా? బత్తాయి సాలదా?" అంటాడు జగదీశ్వర్.

వీళ్ల పంచాయితీ తెగక హెడ్మాస్టరు లింగమూర్తి సారు తీర్పు చెప్పాడు. "టీచరమ్మా, శుక్రవారం తొమ్మిదో తరగతికి పాఠం చెప్పుండ్రి. నేనొచ్చి ఎనక కూసుంట. నచ్చితే బోర్డు మీ దగ్గర్నే ఉంటది. లేకుంటే లెక్కల రూముకు పోతది."

ఆయనకు నచ్చడమంటే మాటలా! సెల్లులో ఫొటో చూపించినా సరిగ్గా చూడకుండానే "మంచిగుంది" అని తిరిగిచ్చేసే మనిషి. రాజకుమారికి అన్నం సయించలేదు. చివరికి, మన ఊరి పాఠమైతే కాస్త కరుగుతాడని, కిటికీలోంచి కనిపించే మల్లన్న గుట్టను పట్టుకుంది. పెళ్లయి ఈ ఊరికి వచ్చినప్పటి నుంచీ అత్త సమ్మవ్వతో కలిసి ఏటా బోనమెత్తుకుని ఎక్కుతున్న గుట్ట. ఒళ్లంతా చెట్లు, పైన గుడి. ఇక దాని పుట్టుపూర్వోత్తరాలు అడగాలని ఎవరికి తోస్తుంది?

శుక్రవారం బోర్డు మీద ఉపగ్రహం తీసిన బొమ్మ పెట్టింది. "చూడుండ్రి పిల్లలూ! మనుషులు వస్తరు, పోతరు. గుట్టలు మాత్రం కోట్ల ఏండ్లు గట్లనే ఉంటయి. ఇగో, ఏండ్లు ఎనక్కి జరుపుత. మల్లన్న గుట్ట ఏమన్న కదులుతదా చూడుండ్రి."

తీర్పు చూద్దామని వచ్చి వెనక బెంచీలో హెడ్మాస్టరు పక్కన కూర్చున్న జగదీశ్వర్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, అన్నీ తెలిసీ నోరు మెదపలేదు. చూడండి ఆయన పుణ్యం!

వేలు జరిగింది. గుట్ట సగమైంది. ఇంకాస్త జరిగితే మట్టికుప్ప అయింది. ఇంకాస్త జరిగేసరికి గుట్టా లేదు, దాని పక్కన బొగ్గు తవ్వే ఓపెన్ కాస్టు గొయ్యీ లేదు. అంతా చదును నేల, పచ్చని పొలాలు.

"టీచర్! మల్లన్న ఏడికి పోయిండు?" అంది ముందు వరుసలో మమత. క్లాసంతా గొల్లుమంది.

జగదీశ్వర్ ఇక ఆగలేకపోయాడు. "ఆ గుట్ట మీకంటే వయసుల చిన్నది టీచరమ్మా! బొగ్గు కోసం తవ్విన మట్టి తెచ్చి పోసిండ్రు. చెట్లు పెట్టిండ్రు. మనోళ్లు ఊకుంటరా? దేవుణ్ని గూడ పెట్టిండ్రు. కోట్ల ఏండ్లట!"

రాజకుమారికి తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి చెప్పి బుకాయిద్దామా అని కూడా అనిపించింది. కానీ పిల్లలు కళ్లప్పగించి చూస్తున్నారే!

"నేను తప్పు చెప్పిన," అంది. "గిది మనుషులు పోసిన గుట్ట. నాకు గిప్పుడే తెలిసింది." బోర్డు చేజారినట్టేనని అర్థమైపోయింది. ఏడుపొక్కటే తక్కువ. బొమ్మను ఈనాటికి తెచ్చి ఆపేద్దామని వేలు ఎత్తింది.

"ఆగు బిడ్డా."

లింగమూర్తి సారు లేచాడు. ఆయన నోట బిడ్డా అన్న మాట ఆ బడిలో ఎవరూ విని ఎరుగరు. బెంచీల మధ్య నుంచి వచ్చి, బోర్డుకు ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడ్డాడు. పొలాల నడుమ ఒక చిన్న మరక మీద వేలు పెట్టాడు. వేలు తగలగానే బొమ్మ పక్కకు జరిగింది. ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. రాజకుమారి దాన్ని మళ్లీ మెల్లగా ఆయన ముందుకు తెచ్చింది.

"గిది మా ఊరు," అన్నాడు. "గొయ్యిల పోయింది. మా ఇల్లు, నేను సదువుకున్న బడి, మా అవ్వ సమాధి, అన్ని పోయినయి. ఒక్క ఫొటో లేదు నా దగ్గర."

ఎవరూ నవ్వలేదు. అంతలో బెల్లు కొట్టారు.

"సార్, మరి బోర్డు..." అని నసిగాడు జగదీశ్వర్.

"ఏడికి పోదు." ఆయన తల తిప్పలేదు. రాజకుమారితో మాత్రం గొంతు తగ్గించి అన్నాడు. "జర గట్లనే ఉంచు బిడ్డా. ముందుకు జరపకు."