స్వాగత దరువు

బొజ్జయ్య కుడిచెయ్యి మాట వినడం మానేసి నాలుగేళ్లయింది. జబ్బేమీ కాదు. ముద్ద కలుపుతుంది, గొడ్డలి పడుతుంది, బీడీ వెలిగిస్తుంది. డోలు మెడలో వేసుకున్నాక ధ్యాస కాస్త పక్కకు పోయిందా, ఇక అంతే, తన దారి తను చూసుకుంటుంది. పెళ్లి దరువు మంచి ఊపులో ఉండగా బరువుగా ఒక దెబ్బ పడుతుంది, కాస్త ఆగి ఇంకొకటి, వాటి వెనకే గబగబా చిన్న దెబ్బలు. చావు దరువు మొదలయ్యేది అట్లాగే. పక్కన వాయించే మేనల్లుడు చిరంజీవి మోచేత్తో పొడిచి, "మామా, చెయ్యి పోతున్నది" అంటాడు. బొజ్జయ్య ఉలిక్కిపడి మళ్లీ పెళ్లిలోకి వస్తాడు.

మొదటిసారి అలవాటులో పొరపాటని పెద్దలు సర్దిచెప్పారు. రెండోసారి పెళ్లికూతురి మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పందిట్లోంచి లేచిపోయింది. మూడోసారి దాకా ఎవరాగుతారు? దుమ్ముగూడెం చుట్టుపక్కల గుంపుల్లో, అంటే కోయ పల్లెల్లో, శుభకార్యాలకు అతన్ని పిలవడం నెమ్మదిగా మానేశారు. ఎవరూ మొహాన ఏమీ అనలేదు. మంచివాళ్లు కదా, మంచివాళ్లు అనరు, పిలవరంతే. డోలు చిరంజీవికిచ్చి తప్పుకుందామా అని బొజ్జయ్య చాలాసార్లు అనుకున్నాడు. తండ్రి మెడలోంచి తన మెడలోకి వచ్చిన డోలు. దాన్ని దించేస్తే తను ఇంకెందుకూ పనికిరాడని అతని భయం.

అతని ఊరు రేగులగుంపులోనూ ఆ చుట్టుపక్కల గుంపుల్లోనూ చావు దరువంటే ఏడుపు కాదు, పిలుపు. వాకిట్లో శవముండగా డోలు కొడతారు. చెవిన పడ్డవాడు నాగలి పట్టి ఉన్నా, గంజి తాగుతున్నా, ఆ ఇంటితో మాటల్లేకపోయినా సరే, వదిలేసి రావాల్సిందే. వట్టి చేతులతో రాకూడదు, గుప్పెడు బియ్యమో గుడ్డ ముక్కో తేవాలి. వచ్చి "ఎవరు?" అని అడగాలి, ఇంటివాళ్లు పేరు చెప్పాలి. అప్పుడే పోయినవాళ్లు పోయినట్టు. శవం లేని చోట మాత్రం ఆ దరువు ముట్టరు. ముడితే అది ఇంకో శవాన్ని వెతుక్కుంటుందని అక్కడి పెద్దల మాట.

ఎందరికో ఆ దరువు కొట్టిన బొజ్జయ్య, కట్టుకున్న నాగక్కకు కొట్టలేదు. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం అది. ఊపిరాడటం లేదని నాగక్కను భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు, ఆమె తిరిగి రాలేదు. శవాన్నీ ఊరికి తేలేదు, అప్పటి రోజులే అట్లాంటివి. కూతురు యశోద ఒక్కతే వెంట ఉండి, అక్కడే గోదారొడ్డున పూడ్చడం దూరం నుంచి చూసి వచ్చింది. బొజ్జయ్య ఆ పూట ఇంట్లో జ్వరంతో పడి ఉన్నాడు. ఊరి పెద్ద గంగయ్య వాకిలి అవతల నిలబడి, "శవం లేకున్నా ఈసారికి తప్పులేదు బొజ్జయ్యా, డోలు కొట్టు" అన్నాడు.

"నేను కొడితే ఊరంతా వస్తది" అన్నాడు బొజ్జయ్య. "రాకుండ ఉండలేరు. వస్తే ఊరంతా పోతది."

గుండె రాయి చేసుకుని డోలు గోడకు తగిలించాడు. ఊరు దక్కింది. రోగం సద్దుమణిగాక దినాలు చేశారు, పెట్టాల్సినవి పెట్టారు. దరువు మాత్రం మిగిలిపోయింది, ఎందుకంటే శవం ఊళ్లో లేదు. ఎక్కడ పూడ్చారని బొజ్జయ్య కూతుర్ని అడగలేదు. అడిగితే చూడాలనిపిస్తుంది, చూస్తే తనేమవుతాడో తనకే తెలియదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. యశోద కూడా చెప్పలేదు.

ఇట్లా ఉండగా ఈ చలికాలం ఊళ్లోకి ఒక కారొచ్చింది. శ్రావణి అనే అమ్మాయి దిగింది. కల్లూరు పిల్ల, ఉత్సవాలు నడిపే కంపెనీలో కొలువు. భద్రాచలంలో ప్రపంచ దేశాల సంప్రదాయ కళల సంబరం పెడుతున్నారట, ఎక్కడెక్కడి బృందాలో వస్తున్నాయట, ఇక్కడి కోయ డోలు లేకపోతే ఎట్లా అని వెతుక్కుంటూ వచ్చింది. మర్యాదస్తురాలు. వాకిట్లో చెప్పులు విడిచి కూర్చుంది, ఇచ్చిన జావ మళ్లీ అడిగి తాగింది.

బృందమంతా పండుగ దరువు వినిపించింది. "బాగుంది" అంది శ్రావణి, అంటే ఫరవాలేదని అర్థం. అందరూ సర్దుకుంటున్నారు. బొజ్జయ్య డోలు ఇంకా దించలేదు, దడి మీద ఎండేసిన చీరను చూస్తున్నాడు. చెయ్యి తన పని తను మొదలుపెట్టేసింది. చిరంజీవి మోచెయ్యి అందేలోపే శ్రావణి లేచి నిలబడింది.

"తాతా, ఇది ఏం దరువు? నా ఒళ్లు జలదరించింది. మాకు ఇదే కావాలె."

డోలు వాళ్లంతా నేల చూపులు చూశారు. చావు దరువని చెబితే, మరి ఎందుకు కొట్టినవని అడుగుతుంది. అడిగితే నాగక్క మాట వస్తుంది. బొజ్జయ్య ముందు ఆ మాట ఎత్తే మొనగాడెవరు? చివరికి చిరంజీవే గొంతు సవరించుకున్నాడు.

"జనాన్ని పిలిచే దరువు, మేడమ్."

"స్వాగతం అన్నమాట" అని శ్రావణి సంతోషంగా కారెక్కింది. చిరంజీవి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నిజం కూడా అంతంతమాత్రమే.

కారు దుమ్ము సర్దుకున్నాక బొజ్జయ్య నోరు విప్పాడు. "ఆ దరువు నేను కొట్ట."

"అక్కడికి పోయి పండుగ దరువే కొడదాం మామా. వాళ్లకేం తెలుస్తది."

"అవ్. గట్లనే కానియ్" అన్నాడు బొజ్జయ్య. అక్కడితో ఆ మాట ముగిసిందనుకున్నారు.

సంబరం నాడు ట్రాలీ ఆటోలో డోళ్లేసుకుని మైదానం దగ్గర దిగేసరికి, గేటు మీద ఇంత పొడుగు ఫ్లెక్సీ. చిరంజీవి చదివి తలకాయ పట్టుకున్నాడు. 'స్వాగత దరువు: రేగులగుంపు కోయ డోలు బృందం' అని రంగురంగుల అక్షరాలు. చదివించుకుని విన్న బొజ్జయ్యకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. "ఇంకా నయం, లాలిపాట అని రాయలే" అన్నాడు. రేల పాటలు పాడే కోయ ఆడవాళ్లతో వచ్చిన యశోద మాత్రం నవ్వలేదు. ఆటో దిగినప్పటి నుంచి ఆమె మైదానం వెనకున్న గోదారి కరకట్ట వైపే చూస్తోంది.

వీళ్లకిచ్చిన గుడారంలోనే ఇండోనేషియా నుంచి వచ్చిన కంచు గంటల వాళ్లూ ఉన్నారు. వాళ్లలో బొజ్జయ్య ఈడువాడే ఒక ముసలాయన, గంటల్ని గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. కుర్చీలు మోసే కుర్రాడొకడు తొందరలో బొజ్జయ్య డోలు మీదుగా కాలెత్తాడు. బొజ్జయ్య కోయలో కసిరాడు, అవతలాయన తన భాషలో కసిరాడు, రెండూ ఒక్కసారే. కుర్రాడు కాలు వెనక్కి తీసుకుని పారిపోయాడు. ముసలివాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన లవంగం వాసనేసే సిగరెట్టు తీసి ఇచ్చాడు, బొజ్జయ్య బీడీ ఇచ్చాడు. అంతకు మించి మాటలేం కావాలి?

బయట మైకులు పరీక్ష చేస్తున్నారు. హలో, హలో అన్న కేక కరకట్టను తాకి తిరిగి వస్తోంది. యశోద వచ్చి తండ్రి పక్కన చతికిలబడింది.

"నాయినా, అమ్మ ఇక్కడనే ఉన్నది."

బొజ్జయ్య బీడీ ఆరిపోయింది. "ఏంది?"

"ఈ కట్ట అవతలనే. నేను కట్ట మీద నిలబడే చూసిన. నువ్వు అడగలె, నేను చెప్పలె. ఇయ్యాల గుడ ఊకుంటే నేను మనిషినే గాదు. ఈ మైకు అమ్మ దాక వినబడ్తది, నాయినా."

బొజ్జయ్య చాలాసేపు డోలు తాడు చుడుతూ విప్పుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి, కూతురి వెంట కరకట్ట ఎక్కాడు. అవతల తుమ్మ పొదలు, వరదలు తెచ్చి పరిచిన ఒండ్రు, మేస్తున్న మేకలు, దూరంగా గోదారి. గుర్తేమీ లేదు. యశోద వేలు పెట్టి ఒక పొద చూపించింది. బొజ్జయ్య ఆ పొదను చూశాడు, వెనక్కి తిరిగి వేదికను చూశాడు. కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చాడు.

"మన వాకిట్ల నిలబడి గంగయ్య ఇంటిని పిలిచినంత దూరం" అన్నాడు. "ఇది వాకిలే బిడ్డా. శవం వాకిట్లనే ఉన్నది."

కిందికి దిగగానే నేరుగా శ్రావణి దగ్గరికి పోయాడు. ఎవరినీ మోసం చేసి నాగక్కను సాగనంపడం అతనికి ఇష్టం లేదు. "అమ్మా, నువ్వు రాయించింది స్వాగతం గాదు. అది చావు దరువు. నా ఇంటామె కరోనల పోయింది, ఈ కట్ట అవతల పెట్టిన్రు. అప్పుడు కొట్టలేదు. ఇప్పుడు కొడత. వద్దంటే చెప్పు, డోలెత్తుకుని పోత, కట్ట మీద కొట్టుకుంట."

శ్రావణి వెనక్కి తిరిగి చూసింది. ముందు వరుసలో పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు, చేతిలో వాకీటాకీ అరుస్తోంది. దాని నోరు మూసింది.

"మా నాయనమ్మ గుడ అప్పుడే పోయింది తాతా" అంది. "ఫోన్ల చూసిన, అంతే. ఈ దరువు వింటే నాకు ఆమెనే యాదికొచ్చింది, ఎందుకో తెల్వలె. నువ్వు కొట్టు. అడిగేటోళ్లకు నేను చెప్పుకుంట."

సంగతి డోలు వాళ్లందరికీ చెప్పి వేదిక ఎక్కారు. వ్యాఖ్యాత ఉత్సాహంగా, దేశదేశాల అతిథులకు అడవిబిడ్డల స్వాగతం అని చదివేసింది. చప్పట్లు మోగాయి. చిరంజీవి అలవాటు కొద్దీ మోచెయ్యి దగ్గరికి తెచ్చి, మళ్లీ తీసేసుకున్నాడు.

మొదటి దెబ్బ పడింది. ఆగి, రెండోది. వెనకే చిన్న దెబ్బలు. నాలుగేళ్లుగా ప్రతిసారీ చెయ్యిని పట్టి వెనక్కి లాక్కున్నది ఇక్కడే. ఈసారి బొజ్జయ్య వదిలేశాడు. చెయ్యి దారి తెలిసినట్టే పోయింది. మిగతా డోళ్లు అందుకున్నాయి. మైకుల్లోంచి దరువు మైదానం దాటి, కట్ట దాటి, తుమ్మ పొదల మీదికి పోయింది.

కాసేపు జనం చప్పట్లతో తాళం వేశారు, ఫోన్లెత్తి పట్టుకున్నారు. అప్పుడు దుకాణాల వైపు ఒక కదలిక పుట్టింది. ఇప్పపూల లడ్డూలు అమ్ముకునే కోయామె పుల్లమ్మ కొట్టు వదిలేసింది. చెప్పులు విడిచి, మధ్యాహ్నం వండుకోగా మిగిలిన బియ్యం గుప్పిట పట్టి, కుర్చీల మధ్యలోంచి నడిచి వస్తోంది. గేటు దగ్గరున్న హోంగార్డు, అతనూ కోయవాడే, టోపీ తీసి చంకలో పెట్టుకుని కదిలాడు. స్వాగతం పలకడానికి పూలిచ్చి వరుసలో నిలబెట్టిన హాస్టలు పిల్లల్లో కోయపిల్లలు నలుగురైదుగురు వరుస తప్పి వచ్చారు. ఎవరూ వాళ్లను పిలవలేదు, డోలు తప్ప. తాళాలు వాటంతటవే ఆగిపోయాయి.

పుల్లమ్మ వేదిక అంచుకొచ్చి తలెత్తింది. ఈ మనిషెవరో ఆమెకు తెలియదు. అయినా అడగాల్సింది అడిగింది.

"ఎవరు?"

బొజ్జయ్య చెయ్యి ఆపాడు. మైకు పక్కనే ఉందన్న సంగతి అతనికి గుర్తుందో లేదో.

"నాగక్క" అన్నాడు. "నా ఇంటామె."

ఆ పేరు కరకట్టను తాకి తిరిగి వచ్చింది. యశోద వేదిక పక్కన కూలబడి, నాలుగేళ్ల నుంచి దాచిందంతా ఒక్కసారే ఏడ్చేసింది. పుల్లమ్మ బియ్యాన్ని వేదిక మీద పోసింది. హోంగార్డు జేబురుమాలు పరిచాడు. పిల్లలు చేతుల్లో ఉన్న పూలే పెట్టారు. అందరి వెనకా కంచు గంటల ముసలాయన వచ్చాడు. ఆయనకు ఎవరు చెప్పారో, అసలు చెప్పారో లేదో, గుప్పిట్లో అన్నం మెతుకులున్నాయి. బొజ్జయ్య వైపు చూసి కనుబొమలెత్తాడు. బొజ్జయ్య పేరు మళ్లీ చెప్పాడు. ఆయన దాన్ని వంకరగా పలికి, మెతుకులు బియ్యం పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దరువు మళ్లీ మొదలై, ఎక్కడ ముగియాలో అక్కడ ముగిసింది.

పొద్దు వాలుతుండగా ట్రాలీ ఆటో దుమ్ముగూడెం దారి పట్టింది. ఆడవాళ్లు ఏదో పాట కూనిరాగం తీస్తున్నారు. బొజ్జయ్య ఒళ్లో డోలు పెట్టుకుని గోదారి వైపు చూస్తున్నాడు, ధ్యాస ఎక్కడో ఉంది. కుడిచెయ్యి తోలు మీద కదిలింది. చిరంజీవి గబుక్కున మోచెయ్యి సిద్ధం చేసుకున్నాడు. రెండు దెబ్బలు విన్నాక దించేసుకున్నాడు.

చెయ్యి కొడుతున్నది పెళ్లి దరువు. మధ్యలో ఎక్కడా తప్పకుండా, ఊరొచ్చే దాకా కొడుతూనే ఉంది.