అడగకుండానే తెరిచే తలుపు

ప్రేమమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. పక్కనే కోడలు సునీల ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని టమాటలు కోస్తోంది. ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసు కంప్యూటర్‌లో నిన్న కొత్త సిస్టం ఎక్కించారు. అప్పటి నుంచి కాంటాల తూకం సునీల రాసిన ప్రోగ్రాంకు చేరడం లేదు. ఇవాళ బాగుచేయకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారట.

"ఇస్తే ఇయ్యనీ," లోపలి నుంచి ఆమె మొగుడు శామ్ అన్నాడు. "ఇంటి పట్టున ఉంటవ్. ఆదివారం చర్చికి గూడ రాకుంటే ఏం నౌకరీ అది? ముందుగాల చాయ్ తే."

సునీల కత్తి ఆగింది. ప్రేమమ్మకు లోలోపల అదే బాగుండుననిపించింది. ఒకప్పుడు గడప దాటిన తన అక్క మళ్ళీ రాలేదు. దవాఖానకు నడిచి వెళ్ళిన భర్త దావీదు నడిచి రాలేదు. పక్కనున్న ఆరాంఘర్ చౌరస్తా దాకా ఎవరు పోయినా తిరిగొచ్చేవరకు ఆమెకు ముద్ద దిగదు. కానీ కోడలి ముఖం చూసి ఆ మాట అనలేకపోయింది.

"ఏమైందే ఆ మిషన్‌కు?"

"తలుపు లొల్లి అత్తమ్మా. నెట్‌ల మిషన్లకు రెండు తీర్ల అడ్రసులుంటయి. పాత అడ్రసులోళ్ళు, కొత్త అడ్రసులోళ్ళు ఇన్నేండ్లు ఒక్క తలుపుల నుంచే వచ్చేటోళ్ళు. ఇప్పుడీ కొత్త సిస్టం, ఎవరూ ఏం చెప్పకుంటే కొత్తోళ్ళకే తీస్తది. మా కాంటాలు పాతయి. బయటనే నిలబడ్డయి."

"మరి నీ ప్రోగ్రాం చెప్పలేదా?"

"ఎన్నడూ చెప్పే పని పడలే. అడగకున్నా అయితుండె గద!"

"మళ్ళ పాత రివాజే పెట్టు."

"పెట్టొచ్చు, ఆ సిస్టంల ఒక్క లైను మారిస్తె అయితది. రేపు ఇంకో మిషన్ వస్తే మళ్ళ ఇదే పరేషాన్. అందుకే ప్రోగ్రాంలనే రాస్త, ఇద్దరికీ తలుపు తియ్యాలె అని."

ప్రేమమ్మ చేతిలోని రాయిని కాసేపు చూసింది. ఈ ఇంట్లో చాయ్ కోడలే పెట్టాలని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. తనకూ ఎవరూ చెప్పలేదు. నలభై ఏళ్ళు పెట్టింది.

"ఆ కత్తి ఇటియ్యి. నువ్వు పోయి రా బిడ్డా."

"చాయ్..."

"శామ్!" ప్రేమమ్మ లోపలికి కేకేసింది. "చాయ్‌పత్త పై అరల ఉన్నది. పెట్టుకో. నాకూ పెట్టు."

లోపల అర తెరిచిన చప్పుడైంది. సునీల నవ్వాపుకుంటూ చెప్పులేసుకుంది. "పోయొస్త అత్తమ్మా," అంది, అత్తకు 'పోతున్న' అనే మాట పడదని తెలుసు కనుక.

ఆటో మలుపు తిరిగేదాకా ప్రేమమ్మ వాకిట్లోనే నిలబడింది. వెనక నుంచి శామ్ గిన్నె పట్టుకుని తల బయటపెట్టాడు.

"అమ్మా, నీకు చక్కెర ఎంత?"

గిన్నెలో అడుగున మిగిలింది తాగడమే ఆమెకు అలవాటు. చక్కెర ఎంతని ఇంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు. ప్రేమమ్మ జర ఆలోచించుకోవాల్సి వచ్చింది.