పాలిచ్చే చేప

బొంబాయి నుంచి తిరిగొచ్చిన హన్మండ్లును ఊళ్లో అందరూ అబద్ధాలకోరుగానే ఎరుగుదురు. ఎల్లారెడ్డికి కూతవేటు దూరంలో, నిజాంసాగర్ నీళ్లకు ఆనుకుని ఉన్న పల్లె అది. అతను చాలా ఏళ్లు బొంబాయిలో కోలీలనే సముద్రపు జాలరుల చేపల పడవ మీద పనిచేసి, వల తాడులో కుడిచేతి వేళ్లు రెండు నలిగి తెగిపోతే ఇంటిదారి పట్టాడు. కల్లు దుకాణం దగ్గర సముద్రం ముచ్చట్లు అడిగితే చూసింది చూసినట్టు చెప్పాడు.

"ఒక చేప ఉంటది, మనిషి కంటె పెద్దగుంటది. నీళ్లల్ల ఊపిరి తీస్కోదు. నెత్తి మీద బొక్క ఉంటది, పైకొచ్చి బుస్సుమని గాలి ఇడుస్తది. గుడ్లు పెట్టది, పిల్లను కంటది. పాలిస్తది."

కూర్చున్నవాళ్లంతా పడిపడి నవ్వారు.

"మరి పొద్దుగాల చెంబు పట్కపోయి పిండుకొచ్చినవా?" అన్నాడు భూమయ్య. ఆ రోజు నుంచి అతనికి పాలచేప అనే పేరు పడిపోయింది.

హన్మండ్లుకు ఆ నవ్వు ములుకులా దిగింది. అతను చేతులారా ముట్టుకున్నాడు దాన్ని. వలలో చిక్కిన తల్లి చేపను విడిపిస్తుంటే దాని ఒళ్లు బర్రె ఒళ్లులా వెచ్చగా తగిలింది. కడుపు కింది చీలికల నుంచి చిక్కటి పాలు కారి అతని మణికట్టు తడిసింది. పిల్ల వల చుట్టూ తిరుగుతూ ఈలలు వేసింది. ముసలి కోలీ వల కోయించి తల్లిని వదిలేశాడు. మరోసారి, ఈదలేక మునుగుతున్న ఒకదాన్ని తోటివి రెండు చెరోపక్క చేరి, ఊపిరి కోసం పైకెత్తుతుండటం పొద్దుగూకేదాకా చూశాడు.

అతన్ని నమ్మింది ఒక్కడే, చెల్లెలు మంగవ్వ భర్త సిద్దిరాములు. మంగవ్వ నిండు చూలాలు. సిద్దిరాములు అడిగిందే అడిగేవాడు.

"నీళ్లల్ల పుట్టినంక పిల్ల ఊపిరెట్ల తీస్తది బావా?"

"తల్లి ముట్టెతోని పైకి నెడ్తది. తొలి ఊపిరి ఆమెనే తీపిస్తది."

"మనుషుల కంటె నయమే" అనేవాడు సిద్దిరాములు.

చలికాలంలో ఊరి దొర ఇంటివాళ్లు బాతుల వేటకు వచ్చారు. పడవ నడపడానికి సిద్దిరాములును వెట్టికి పట్టుకుపోయారు. హన్మండ్లు ఒడ్డున తుంగ కోస్తున్నాడు. దొర మేనల్లుడు కాల్చిన బాతు దూరంగా పడింది. తెమ్మన్నారు. సిద్దిరాములు ఆ చల్లటి నీళ్లలో ఈదుకుంటూ పోయి తెచ్చాడు. రొప్పుతూ పడవ అంచు పట్టుకున్నాడు. పడవ ఒరిగింది.

"ఇడువు! బోర్లపడ్తది!" అని మేనల్లుడు తుపాకి మడమతో అతని వేళ్ల మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

హన్మండ్లు కొడవలి పారేసి దూకాడు. చేరేసరికి మనిషి మునిగిపోయాడు. వెతికి పట్టుకుని, తల నీళ్ల పైన ఉంచి ఒడ్డుకు లాక్కొచ్చాడు. అప్పటికే ఊపిరి లేదు.

తాగి తూలి పడ్డాడని దొర చెప్పాడు. పడవలో ఉన్నవాళ్లూ అదే చెప్పారు. కొట్టడం చూసినట్టు చెప్పింది హన్మండ్లు ఒక్కడే. కామారెడ్డిలో సర్కారు వాళ్లు దిగే ముసాఫిర్ బంగ్లాలో ఒక అధికారి విచారణ పెట్టాడు. దొర వైపు వకీలు వచ్చాడు.

వరండా మెట్ల దగ్గర మంగవ్వ అన్న చెయ్యి పట్టుకుంది. "అన్నా, ఆళ్లు ఆ చేప ముచ్చటే తీస్తరంట. ఉత్తదే అని ఒప్పుకో. గది ఒప్పుకుంటె ఇదన్న నమ్ముతరు."

"కండ్లార చూసిందాన్ని లేదని ఎట్లంటనే?"

"నీ కాళ్లు మొక్కుత. చేపతోని మనకేం పని?"

అతను తల వంచుకుని లోపలికి పోయాడు.

వకీలు మెల్లగా అడిగాడు. "చేప పాలిస్తదని ఊరంత చెప్పుకుంట తిరిగినవంట. నిజమేనా?"

"చెప్పిన హుజూర్."

"చూసినవా?"

గుమ్మంలో చెల్లెలు నిలబడి ఉంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, కళ్లతోనే బతిమాలుతోంది.

"లేదు హుజూర్. ఉత్తగ చెప్పిన."

వకీలు అధికారి వైపు తిరిగి ఉర్దూలో ఏదో అన్నాడు. బొంబాయిలో బతికినవాడికి ఆ మాటలు అర్థం కాకపోలేదు. చూడనిది చూసినట్టు చెప్పడం ఇతనికి అలవాటని తన నోటితోనే ఒప్పుకున్నాడు, ఇంకేం కావాలి అంటున్నాడు.

"చూసిన!" అని హన్మండ్లు అరిచాడు. "చేపను చూసిన, మా బావను కొట్టంగ చూసిన! రెండూ నిజమే!"

"ఇప్పుడే చూడలేదంటివి గద" అన్నాడు వకీలు.

గదిలో నవ్వులు లేచాయి. అధికారి కలం కింద పెట్టి, ఇక పొమ్మని చెయ్యి ఊపాడు.

అన్నాచెల్లెళ్లు ఎల్లారెడ్డి బాట పట్టారు.

"ఉత్తదని నేనే చెప్పమంటి" అంది మంగవ్వ.

చూసింది చెప్తే నవ్వారు. చూడలేదంటే ఆ మాటే పట్టుకున్నారు. లోకంలో ఇక ఏ మాట చెప్పి బతకాలో హన్మండ్లుకు తెలియలేదు.

కాన్పు అయింది. ఆడపిల్ల. ఆ మరుసటి చలికాలం, పిల్ల ఇంకా పాకుతుండగానే, దొర మనిషి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"దొరలు బాతులకు పోతుండ్రు. సిద్దిరాములు వంతు నీ మీద పడ్డది. పడవ నడిపినోనివే గద, నడువు."

హన్మండ్లు మంగవ్వ వైపు చూశాడు. ఆమె పిల్లను ఎత్తుకుని, మొహం గోడకు తిప్పుకుంది. అతను తలగుడ్డ చుట్టుకున్నాడు. సాగర్ గట్టు దిగి, మూడు వేళ్ల చేత్తో తెడ్డు పట్టుకుని, తుపాకులు ఎక్కేదాకా పడవ కదలకుండా పట్టి నిలబడ్డాడు.