అసుంతమ్మ ఓటు

1946లో జ్ఞానసుందరి చదువేమిటో శ్రీకాకుళంలో సరిగ్గా తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆమె, ఇంకొకరు వాళ్ల నాన్న సత్యానందం. ఆమె వాల్తేరు యూనివర్సిటీలో ఎం.ఏ. రెండో సంవత్సరం. ఐరోపా దేశాల రాజకీయాలు, అక్కడి సమాజం ఆమె తీసుకున్న విషయం. సత్యానందం బాప్టిస్టు బడిలో హెడ్మాస్టరు. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరైనా అడిగితే "మా అమ్మాయి ఐరోపా చదువుతోంది" అనేవారు. అంతకు మించి వివరం చెప్పేవారు కాదు. ఆ మాట చర్చి మెట్లు దిగి బజారు చేరేసరికి, ఆమెకు ఐరోపాలో ఉన్న భాషలన్నీ వచ్చునని అయింది.

ఇందులో ఆమె తప్పు కూడా కొంత ఉంది. వేసవిలో రంగుల వ్యాపారి సీతారామారావు యుద్ధానికి ముందునాటి జర్మనీ డబ్బా ఒకటి తెచ్చి, మీద ఏం రాసుందో చెప్పమన్నాడు. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషు కూడా ఉంది. అది చూసి, తేమ తగలనివ్వొద్దని రాశారని చెప్పింది. ఆయన మురిసిపోయి వీధంతా చెప్పుకున్నాడు. తనకు జర్మను రాదని అప్పుడే చెప్పెయ్యవచ్చు. పొగడ్త తియ్యగా ఉంది, ఊరుకుంది.

దసరా సెలవులకు ఇంటికొచ్చిన మూడోనాడు అప్పలస్వామి వచ్చాడు. భావనపాడులో చేపలవేట అతని పని. యుద్ధంలో సైన్యంవారి కూలిపటాలంలో చేరి, ఇటలీలో రోడ్లు వేసి, ఓడల్లోంచి సరుకు దింపి, ఆ ఏడాది మొదట్లోనే తిరిగొచ్చాడు. ఎండు నెత్తళ్ల పొట్లం అరుగుమీద పెట్టి, జేబులోంచి ఒక ఉత్తరం తీశాడు.

అతని కథ విన్నారు తండ్రీకూతుళ్లు. ఇటలీలో సముద్రం ఒడ్డున ఒక పల్లెలో అతని దళం ఒక చలికాలమంతా ఉందట. అసుంత అనే ముసలమ్మ తన గొడ్లశాలలో అతనికి చోటిచ్చింది. చెయ్యి తెగితే కట్టు కట్టింది. అతను ఆమె కొడుకు వలలు బాగుచేసి పెట్టాడు. వచ్చేముందు తన ఊరూ పేరూ కాగితంమీద రాయించి ఇచ్చాడు. ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. టెక్కలి దాకా తిరిగినా చదివే మనిషి దొరకలేదు.

జ్ఞానసుందరి కాగితం విప్పింది. అందులో ఆమెకు అర్థమైనది 'అప్పల' అన్న పేరొక్కటే.

"నాకీ భాష రాదు అన్నా" అంది.

సత్యానందం అకస్మాత్తుగా కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. అప్పలస్వామికి ఏమీ బోధపడలేదు.

"మరి ఐరోపా సదువంటే ఏటమ్మా?"

అక్కడి ప్రభుత్వాలు ఎలా ఏర్పడతాయో, పార్టీలు ఎలా నడుస్తాయో, జనం ఓట్లెలా వేస్తారో చదువుతానని చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు.

"ఆల మాట తెలీకుండా ఆల సంగతి ఎలాగ తెలుస్తాది తల్లీ?"

ఎత్తిపొడుపు లేదు, తెలుసుకుందామనే అడిగాడు. అందుకే అది ఎక్కువగా గుచ్చుకుంది. ఆమె పెట్టెలో ఇటలీ కొత్త ప్రభుత్వం మీద తను రాస్తున్న థీసిస్ అరవై పేజీలుంది. 'ఈ ఎన్నికలలో స్త్రీలు తొలిసారి పాల్గొనుట గమనార్హము' అన్న వాక్యం అందులో ఉంది. ఒక ఇంగ్లీషు పత్రికలోంచి ఎత్తి రాసుకున్నది. ఉత్తరం తనకిస్తే విశాఖపట్నంలో చదివించి, తనే భావనపాడు వచ్చి చెబుతానని అతనికి మాట ఇచ్చింది.

విశాఖపట్నంలో ఇటలీ భాష చదవగలవాడు ఒక్కడే ఉన్నాడు, రోమను కేథలిక్కు పాదిరీ. ఇటలీ సరిహద్దు కొండల్లో పుట్టిన ఫ్రెంచి ముసలాయన. ముప్పై ఏళ్లుగా రోమను మతాన్ని తెగనాడుతూ ప్రసంగాలు చేసిన సత్యానందం ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. సెలవులు అయ్యాక మాత్రం, పొద్దున్నే కూతురితో పాటు ఆమదాలవలస స్టేషను దాకా వచ్చి, రైలు కదులుతుంటే, ఆ పాదిరీగారిని తన తరఫున కూడా కుశలం అడగమన్నారు.

ఫాదరుగారు ఉత్తరాన్ని చక్కటి తెలుగులో చదివి వినిపించారు. అసుంతమ్మకు రాయడం రాదు, పక్కింటి పిల్ల చేత రాయించింది. ఆవు చచ్చిపోయింది. కొడుకు యుద్ధఖైదు నుంచి తిరిగొచ్చాడు. జూన్ రెండో తారీఖున ఆడవాళ్లు కూడా ఓటు వేశారు. రాజు ఉండాలా వద్దా అన్నది ప్రశ్న. ఆవిడ ఉన్నవాటిలో మంచి గౌను వేసుకుని, తెల్లవారకుండానే వెళ్లి వరసలో నిలబడింది. రాజు వద్దనే బొమ్మమీద గీత పెట్టమని కొడుకు మరీ మరీ చెప్పి పంపాడు. తీరా చూస్తే చీటీలో ఉన్న రెండు బొమ్మలకూ కిరీటాలున్నాయి. ఒకటి రాజుగారి చిహ్నం, ఇంకొకటి ఆడమనిషి తల. ఏది ఏదో అడుగుదామంటే మాట్లాడకూడదన్నారు. 'ఆడదాని ముఖం కష్టపడ్డ ముఖంలా ఉంది. దానిమీద గీత పెట్టాను. మా వాడు చెప్పింది అదేనని ఇంటికొచ్చాక తెలిసింది. మీ ఊళ్లో ఆడవాళ్లు ఓటు వేస్తారా అప్పలా?'

ఫాదరుగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. జ్ఞానసుందరి కూడా నవ్వింది. హాస్టలుకు వెళ్లి, ఆ గమనార్హమైన వాక్యాన్ని కొట్టేసింది.

క్రిస్మసు మర్నాడు నౌపడాలో రైలు దిగి, బండిమీద భావనపాడు వెళ్లింది. వలలు ఆరేసిన ఇసకమీద కూర్చుని ఉత్తరం మొత్తం చెప్పింది. ఆవు చచ్చిపోయిందన్నప్పుడు అప్పలస్వామి తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దాని పేరు కూడా అతనికి గుర్తుంది. అతని భార్య కూర్మమ్మ చేపలకు ఉప్పు పట్టిస్తూనే అంతా వింది.

"మరి మాకెప్పుడిస్తారమ్మా ఓటు?"

ఢిల్లీలో సభ కూడిందని, రాజ్యాంగం రాస్తున్నారని, ఆడా మగా అందరికీ ఇస్తారనే అనుకుంటున్నారని జ్ఞానసుందరి చెప్పింది.

"రెండు బొమ్మలకీ కిరీటాలెట్టొద్దని సెప్పండి ఆలకి" అంది కూర్మమ్మ.

అప్పలస్వామి జవాబు చెబుతుంటే, కూర్మమ్మ ఉప్పుచేపల సంగతితో సహా జ్ఞానసుందరి రాసుకుంది. చివర తనవి మూడు ప్రశ్నలు చేర్చింది. ఫాదరుగారు దాన్ని ఇటలీ భాషలో పెట్టి పంపారు. మార్చిలో జవాబొచ్చింది. అసుంతమ్మ మూడింట్లో ఒక్కదానికే సమాధానం చెప్పి, మిగతా కాగితమంతా చేపలు పాడవకుండా ఎన్నాళ్లు ఉప్పులో ఉంచాలో కూర్మమ్మను అడిగింది.

థీసిస్ చివర ఈ ఉత్తరాలు చేరుస్తానంటే ప్రొఫెసరు ఒప్పుకోలేదు. ఒక ముసలమ్మ మాట రుజువు కాదన్నారు. దేశం మాటగా కాదు, ఒక ఓటరు మాటగానే రాస్తానని ఆమె వారం రోజులు వెంటపడింది. ఆయన విసిగి రెండు పేజీలకు అనుమతిచ్చారు.

వైవాకు మద్రాసు నుంచి వచ్చిన పరీక్షకుడు మిగతా పేజీలన్నీ పక్కన పెట్టి ఆ రెండు పేజీల దగ్గరే ఆగిపోయారు. పొరపాటున వేసిన ఓటుకూ, తెలిసి వేసిన ఓటుకూ విలువ ఒకటేనా అని అడిగారు.

జ్ఞానసుందరి కాస్త ఆలోచించింది. "లెక్కపెట్టేటప్పుడు ఒకటేనండి. ఆవిడ ఏ బొమ్మో తెలియక గీత పెట్టింది గానీ, తెల్లవారకముందు వరసలో నిలబడింది మాత్రం తెలిసే."

ఆయన ఏదో రాసుకుని, వెళ్లమన్నారు. సెకండు క్లాసు వచ్చింది. ఫస్టు తొమ్మిది మార్కుల్లో పోయింది. రెండు రోజులు బాధపడింది, తర్వాత విజయనగరంలో ఒక కాలేజీలో ట్యూటరు ఉద్యోగం రావడంతో బాధపడే తీరిక లేకపోయింది.

ఆ జూలై నుంచి ప్రతి శనివారం రైల్లో విశాఖపట్నం వెళ్లి ఫాదరుగారి దగ్గర ఇటలీ భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది. మొదటిరోజు ఆయన 'నేను ఉన్నాను, నువ్వు ఉన్నావు, ఆమె ఉంది' వల్లె వేయించారు. ఎం.ఏ. పట్టా ఉన్న ట్యూటరుగారు మూడుసార్లు తప్పు చెప్పి, నాలుగోసారి సరిగ్గా చెప్పింది.