పొద్దు వాలితే దించేస్తాం

ముత్యాలమ్మ జారిపడగానే బంట్రోతు అడిగిన మొదటి మాట, "గునపం ఎటు పడింది?" అని.

కడుపుతో ఉన్న పిల్ల. వాన వెలిసిన ఏటవాలు దారిలో, మసకచీకట్లో, భుజాన ఇనుప గునపంతో సర్కారు కచేరీకి దిగుతోంది. కాలు జారి బండ మీద పడి, పొత్తికడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. వెనకే వస్తున్న రత్నాలు తన పార పక్కన పడేసి ఆమెను ఒళ్లోకి తీసుకుంది. చేతికి వెచ్చగా నెత్తురు తగిలింది.

"ముందు గునపం వెతకండి. ఒక్కటి తగ్గినా ఎవరినీ ఇంటికి పంపేది లేదు," అన్నాడు బంట్రోతు.

మనుషులు లోయలోకి దిగి పొదలు తడుముతూ ఇనుము కోసం వెతికారు. అంతసేపూ రత్నాలు ఆ బండ మీదే కూర్చుని పిల్ల మూలుగు వింది. గునపం దొరికింది. బిడ్డ దక్కలేదు.

అరకు కొండల్లోకి సర్కారు రోడ్డు వేయిస్తున్న రోజులవి. కొండవాళ్ల తిరుగుబాటు, ఆ పితూరీ అణిగి ఎంతో కాలం కాలేదు. కొండ మనుషుల చేతుల్లో ఇనుము ఉండకూడదని, రోజూ పనయ్యాక పనిముట్లన్నీ కచేరీ గదిలో పెట్టి తాళం వెయ్యాలని పైనుంచి హుకుం. తెల్లారి ఓవర్సీరు తాళం తీసి, పేరు పిలిచి ఎవరిది వాళ్లకివ్వాలి. మొదట్లో రోడ్డు కచేరీ పక్కనే ఉండేది. ఇప్పుడు కొండలు దాటిపోయింది. కచేరీ మాత్రం ఉన్నచోటే ఉంది. వాళ్లు వేసిన ప్రతి బారెడు రోడ్డూ వాళ్ల నడకనే పెంచింది. కోడికూతకు ఇల్లు వదిలి వచ్చినా, ఓవర్సీరు స్నానం, పూజ ముగిసేదాకా వాకిట్లో వణుకుతూ నిలబడాలి. ఆ నిలబడ్డం పని కాదట. ఆ మోత, ఆ నడక పని కాదట. రాతి మీద దెబ్బ పడితేనే పనట.

మర్నాడు మధ్యాహ్నం అంబలి వేళ అందరూ కంకరగుట్ట చాటున చేరారు.

"ఇనుమంతా లోయలోకి ఇసిరేద్దాం," అన్నాడు సోములు. ముత్యాలమ్మ మొగుడతను. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"ఇసిరితే దొంగలంటారు," అంది రత్నాలు. "దించేద్దాం. పొద్దు వాలేతలికి పని ఎక్కడుంటే అక్కడే దించేసి ఇంటికి పోదాం. తెల్లారి మళ్లీ ఈడికే వద్దాం. కచేరీకి పోవొద్దు."

ముసలి బుధు తల అడ్డంగా ఊపాడు. పితూరీ నాడు పోలీసులు అతని ఊరు తగలబెట్టారు. "నీకు తెల్దు కోడలా. ఒక్కమాట కాదంటే ఊళ్లకి ఊళ్లే కాల్సేత్తారు. నాను సూసినాను."

"ఊరుకుంటే ఏటి మిగిల్తంది మామా? కాపలాకి మనిషి లేక సోడిసేను పందులు తినేసినాయి. పిల్లల మొకం ఎలుతురులో సూసి ఎన్నాళ్లయింది? నిన్న ముత్యాలు కడుపు పోయింది. రేపు ఎవులిది?"

"నువ్వు దించితే నిన్ను తంతారు."

"నానొక్కదాన్నే అయితే తంతారు. అందరం దించేత్తే మోసేదెవులు?"

మాటకు మాట పెరిగింది. భయమని కొందరు, సిగ్గుచేటని కొందరు. ఎవరి దొప్పలో అంబలి వాళ్ల దొప్పలోనే ఉండిపోయింది. రత్నాలు ఒకచోట కూర్చోలేక లేచి అటూ ఇటూ తిరిగింది. బుధు తన దొప్పను పక్కన పెట్టాడు.

"నా ఇల్లు ఒకపాలి కాలిపోయింది. మళ్లీ కట్టుకున్నాను," అన్నాడు చివరికి. "దించేద్దాం."

ఆ సాయంత్రం సూర్యుడు కొండ అంచుకు తగలగానే రత్నాలు తన పారను రోడ్డు పక్కన పెట్టింది. దాని మీద సోములు గునపం, ఆ పైన బుధు సుత్తి. చూస్తుండగానే ఇనుము కుప్పయింది.

"ఏమిటిది? ఎత్తండి," అన్నాడు ఓవర్సీరు భాస్కరరావు.

"పొద్దు వాలింది బాబూ. పనైపోయింది," అంది రత్నాలు.

"కచేరీకి చేరిస్తేనే అయినట్టు."

"రోడ్డు పక్కనే పాకేసి తాళం ఎట్టుకోండి. ఆ పాక మేమే ఏసిపెడతాం."

భాస్కరరావు గొంతు తగ్గించాడు. "ఆ సంగతి నేనూ పైకి రాశాను. జవాబు లేదు. నాకు ముందున్నాయనా ఇలాగే చేశాడు, నేనూ ఇలాగే చెయ్యాలి."

"జవాబొచ్చేదాకా మా ఆడోళ్లు కడుపులు పోగొట్టుకోవాలేటి?"

అతను మొహం తిప్పుకున్నాడు. మరుక్షణం గొంతు పెంచాడు. "పోలీసులకి కబురు పంపిస్తాను."

"పంపండి," అన్నాడు బుధు.

అందరూ కదిలారు. ఖాళీ భుజంతో నడవడం రత్నాలుకు కొత్తగా ఉంది. వెనక్కి చూసింది. ఇనుమును కాపలా లేకుండా వదలకూడదన్నదీ హుకుమే. దారిన పోయే తపాలా మనిషితో ఠాణాకు కబురు పంపి, ఓవర్సీరు, బంట్రోతు కుప్పకు చెరోపక్కన, దిగుతున్న మంచులో నిలబడిపోయారు.

తెల్లారి పనికి వచ్చేసరికి కానిస్టేబుళ్లు ఉన్నారు. చలిజ్వరంతో వణుకుతున్న భాస్కరరావు దుప్పట్లోంచి చెయ్యి తీసి రత్నాలును చూపించాడు. ఆమె చేతులకు తాడు కట్టారు. సోములు ముందుకు దూకబోయాడు.

"ఆగు," అంది రత్నాలు. "సెయ్యెత్తకు. ఇనుము మాత్రం ఎత్తొద్దు. అంతే సాలు."

ఆ ఇనుము సాక్ష్యమట. ఠాణాకు చేర్చాలట. ఎత్తమంటే ఒక్కరూ వంగలేదు. లాఠీ బుధు వీపు మీద విరిగింది. అతను రోడ్డు మీద కూలబడ్డాడు. మిగతావాళ్లు అతని చుట్టూ కూర్చున్నారు. కానిస్టేబుళ్లు గెడ్డ నీళ్లు దాటి అవతలి ఊరికి పోయి, చేలల్లో ఉన్నవాళ్లను తోలుకొచ్చారు.

"ఎత్తండి, బేగి."

వాళ్లలో ఒక పెద్దావిడ కుప్పను చూసింది, కూర్చున్న మనుషుల్ని చూసింది. దారి పక్కన కర్ర ఊతంతో నిలబడ్డ ముత్యాలమ్మను అడిగింది. "ఏటైందే గుంటా?"

ముత్యాలమ్మ ముఖంలో నెత్తురు లేదు. "ఈటిని మోస్తా పడిపోయినాను. నా బిడ్డ పోయింది. ముందు గునపం ఎతికించినారు."

పెద్దావిడ కొంగు నడుముకు దోపుకుంది. వంగుతుందేమో అనుకున్నారు. వచ్చి బుధు పక్కన చతికిలబడింది. ఆమె వెనక ఆమె ఊరంతా కూర్చుంది.

హెడ్డు కానిస్టేబులు రత్నాలు చేతులకు కట్టిన తాడు లాగాడు. "నడువు."

రత్నాలు మెడ వెనక్కి తిప్పుకునే నడిచింది. మలుపు దగ్గరికి చేరేసరికి వెనకనుంచి లాఠీ దెబ్బల చప్పుడు, ఒక కేక వినిపించాయి. ఎవరూ పరిగెత్తలేదు. పై గట్టు మీంచి మరో ఊరి మనుషులు కూర్చున్నవాళ్ల వైపు దిగుతున్నారు. వాళ్లను ఎవరూ తోలుకురాలేదు.