నలభై ఒకటో పేజీలో మెతుకు

వరసలో నా ముందు పైడిరాజు మాస్టారు నిలబడి ఉన్నారు, చంకలో పురికొస కట్టిన అట్ట ఫైలుతో, చెవి పక్కన ఎప్పుడూ ఉండే పెన్సిలుతో, అచ్చం ఆయనే. ఆయన పోయి ఆరు నెలలైందని నాకు తెలుసు, పెద్దకర్మ భోజనాల్లో కూర్చుని సిగ్గులేకుండా రెండోసారి పప్పు వేయించుకున్నది కూడా గుర్తుంది, కానీ ఇక్కడ ఆ మాట పైకి అంటే ఏదో జరిగిపోతుందని భయం వేసి నోరు మూసుకుంటాను. ఇది విజయనగరం బస్సు కాంప్లెక్సే అనుకుంటాను, ప్లాట్‌ఫారం నంబర్లు కనిపిస్తున్నాయి, కానీ పైన మాత్రం ఆయన డ్రాయింగు పాఠాలు చెప్పిన బడి పెంకులున్నాయి, బస్సులు ఆగాల్సిన చోట పొడుగాటి బల్లలు, బల్లల నిండా మనుషులు, ప్రతివాళ్ళ ఒళ్ళోనూ ఒక ఫైలు. ఎవరి కనురెప్పా ఆడటం లేదు. మిట్టమధ్యాహ్నపు వెలుగు ఉంది, ఎవరికీ నీడ లేదు.

"ఏటమ్మా హైమా, నువ్వూ వచ్చీసేవేటి?" అంటారు వెనక్కి తిరగకుండానే.

"లేదు మాస్టారూ, ఊరికే చూసిపోదామని."

"మరి చేతిలో ఫైలెందుకు?"

చూసుకుంటే నిజంగానే నా చేతిలో ఒకటి ఉంది, నా నవల, ఆయన మూడుసార్లు చదివి మార్జిన్ల నిండా పెన్సిలు టిక్కులు పెట్టిన నా నవల. ఆ టిక్కులు చూసుకుంటూనే నేను నాలుగేళ్ళు రాశాను, కాలేజీ లైబ్రరీలో రోజంతా పుస్తకాల మీద ముద్రలు గుద్ది ఇంటికొచ్చి, వంట చేసి, రేపు మాస్టారికి చూపించాలి కదా అని మళ్ళీ పెన్ను పట్టుకున్నాను. రచయితలకి ఏజెంట్లని ఉంటారట, పెళ్ళిళ్ళ పేరయ్యలు సంబంధాలు కుదిర్చినట్టు మన పుస్తకానికి ప్రచురణకర్తని కుదురుస్తారట అని పేపర్లో చూసి చెప్పింది కూడా ఆయనే. అడగనిదే అమ్మయినా పెట్టదు, పంపించమ్మా అని చెవిలో జోరీగలా పోరితే, మా అక్క కూతురి చేత మొదటి యాభై పేజీలు ఇంగ్లీషు చేయించి ఢిల్లీకి, బొంబాయికి పంపాను.

"ఏజెంట్లు ఏటన్నారు?"

"పంతొమ్మిది మందికి పంపేను. ముగ్గురు వద్దన్నారు. మిగతావాళ్ళు ఉలుకూ పలుకూ లేదు. ఏడాది అవుతోంది మాస్టారూ. ఇంక మానేద్దామనుకుంటున్నాను."

ఈమాటు ఆయన తిట్టాలి. బతికున్నప్పుడయితే "యాభై పేజీలెందుకమ్మా, అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలీదేటి, చూసేవోడు చూస్తాడు, నువ్వు రాయి" అని కసిరేవారు, ఆ కసురు కోసమే నేను ఈ మాట అన్నాను. ఆయన నెమ్మదిగా చెయ్యెత్తి బల్లల వైపు చూపిస్తారు.

"మానీ. ఆ మూల నీకు చోటుంచేను."

మూల బల్ల మీద ఇద్దరి మధ్య ఒక మనిషికి సరిపడా ఖాళీ ఉంది, ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టు దుమ్ము లేకుండా ఉంది.

"వీళ్ళంతా ఎవరు మాస్టారూ?"

"చదివేవోళ్ళ కోసం కాసుక్కూచున్నారమ్మా. కూచోగా కూచోగా తామేటి రాసేరో మర్చిపోతారు. నేనూ మర్చిపోనాను." అప్పుడు తిరుగుతారు. ముఖం ఆయనదే, కానీ కళ్ళు నన్ను కాదు, నా వెనక ఎంతో దూరంలో దేన్నో వెతుక్కుంటున్నాయి. "నా నవల చివర ఏటవుద్దో చెప్పమ్మా. నువ్వు చదివేవు కదా."

ఆ నవల నాకిచ్చి ఆయన ఒక నెల ఆగి అడిగారు, గుమ్మంలోనే నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా. చదివేశాను మాస్టారూ, చాలా బాగుంది, ముగింపయితే మరీనూ అన్నాను. పురికొస ముడి కూడా విప్పలేదు. తీరిక లేక కాదు, బాగోకపోతే ఏం చెప్పాలో అని భయం, బాగుంటే ఇంకా భయం, నాకంటే బాగా రాసి ఉంటే నా గతేం కాను? అది జూట్ మిల్లు మూతపడటం గురించి అని మాత్రం తెలుసు, వాళ్ళ నాన్న అందులో పనిచేశాడు. ఆయన దగ్గర ఇంకో కాపీ లేదని కూడా తెలుసు.

"చివర... మిల్లు మళ్ళీ తెరుస్తారు మాస్టారూ."

"తెరుస్తారా?" ఆయన ముఖం చిన్నపిల్లాడిలా వెలుగుతుంది, అది చూసి నాకు ఏడుపొస్తుంది. "ఎవులు తెరిసేరు? బేగి చెప్పు."

చెప్పడం మొదలుపెడతాను, కార్మికులే గేటు తాళం బద్దలుకొడతారని, ఒక ముసలావిడ సైరన్ తాడు లాగుతుందని, చెప్పే కొద్దీ ఆయన తల ఊపుతుంటారు, వరస ముందుకి కదులుతుంటుంది, పెంకుల కప్పు కిందికి దిగుతుంటుంది. ఉన్నట్టుండి తెలుస్తుంది, ఆ ముసలావిడ నా నవల్లోది, సైరన్ స్థానంలో గంట పెడితే ఇది నా నవల ముగింపు, ఆయనకి ఇచ్చేస్తున్నాను. చేతిలో ఫైలు తేలికవుతోంది. నా నవల మొదటి వాక్యం ఏమిటి? గుర్తు రాదు. ముసలావిడ పేరేమిటి? అదీ రాదు.

"అంతా చదివేవన్నమాట" అంటారాయన. "అయితే నలభై ఒకటి దాటే ఉంటావు."

నలభై ఒకటి. ఎప్పుడో ఆయన నవ్వుతూ చెప్పిన సంగతి అది. వారపత్రికల పోటీలకి పంపేటప్పుడు నలభై ఒకటో కాగితానికీ నలభై రెండో కాగితానికీ మధ్య ఒక అన్నం మెతుకు పెట్టి అంటించేవారు, తిరిగొచ్చాక ముందు అది ఊడిందో లేదో చూసేవారు, ఎన్నడూ ఊడలేదమ్మా అని పడీ పడీ నవ్వేవారు. నేనూ నవ్వాను. నాకిచ్చిన దాంట్లోనూ పెట్టి ఉంటారని ఇన్నాళ్ళూ తోచనే లేదు.

"దాటేను మాస్టారూ."

"పోనీ, ముప్పై వరకూ వచ్చేవా?" సంతలో బేరమాడుతున్నట్టు మెత్తగా అడుగుతారు.

"మాస్టారూ..."

"పోనీ, పది? ఫరవాలేదు చెప్పమ్మా. పోనీ, మూడు?"

జవాబు చెప్పేలోగా ముందున్నవాళ్ళు లేకుండా పోతారు, టిక్కెట్ల కిటికీ వచ్చేస్తుంది, అద్దానికి కింద అర్ధచంద్రంలా చిన్న కంత. మాస్టారు తన ఫైలు అందులోకి తోస్తారు. లోపలినుంచి ఒక చెయ్యి వస్తుంది. గాజులు, మణికట్టు దగ్గర కుక్కరు మూత తగిలి కాలిన మచ్చ, వేళ్ళకి ముద్రల సిరా. ఆ చెయ్యి నాది. ఫైలు విప్పకుండానే దాని మీద ముద్ర గుద్ది పైకెత్తి ఎక్కడో పెడుతుంది, నా గొంతే లోపలినుంచి అంటుంది, "చదివేశానండీ, చాలా బాగుంది. తర్వాత!"

మాస్టారు పక్కకి తప్పుకుంటారు. తర్వాత నేను. నా ఫైలు నేనే లోపలికి తోస్తున్నాను, ఆపుదామన్నా చెయ్యి ఆగటం లేదు, వద్దు, వద్దు అని అరుస్తున్నాను, గొంతు కిటికీ లోపల ఉండిపోయింది, నా దగ్గర లేదు. చెవి దగ్గర ఆయన మాట వినిపిస్తుంది, చల్లగా, ఏ కోపమూ లేకుండా.

"చింపకమ్మా. తడిచేస్తే వచ్చీస్తాది."

మెలకువ వస్తుంది. ఆదివారం, మధ్యాహ్నం మూడు, కరెంటు పోయి ఫ్యాను ఆగింది, మెడంతా చెమట. ఫోను పక్కనే ఉంది, ఎప్పటిలా ముందు మెయిల్ చూడబోయి ఆగిపోతాను. ముసలావిడ పేరు సూరమ్మ. సూరమ్మ, సూరమ్మ అని పైకే రెండుసార్లు అనుకుని లేస్తాను.

కుర్చీ వేసుకుని బీరువా మీద నుంచి మాస్టారి ఫైలు దింపుతాను. ముడి గట్టిగా ఉంది, పళ్ళతో విప్పుతాను. భయంతో తిన్నగా నలభై ఒకటికే వెళతాను. నలభై ఒకటి, నలభై రెండు విడివిడిగానే ఉన్నాయి. ఒక్క క్షణం ప్రాణం లేచొస్తుంది, నాకు ఆయన అంటించలేదు, నన్ను పరీక్షించలేదు. తర్వాత కాగితం అడుగున చిన్న మరక కనిపిస్తుంది, మెతుకంత, చుట్టూ తడి ఆరిన గుర్తు. ఎవరో జాగ్రత్తగా తడిపి తీశారు.

నేను చదివేశానన్న మర్నాడు, ఒక పేరు మార్చాలమ్మా, రెండు రోజులు ఇవ్వు అని ఆయన ఫైలు పట్టుకెళ్ళారు. తిరిగి తెచ్చినప్పుడు ముఖంలో ఏమీ కనిపించలేదు. నేను కూడా ఏమీ వెతకలేదు, అందుకుని మళ్ళీ బీరువా మీదే పెట్టాను. ఆ తర్వాత కూడా ఆయన నా అధ్యాయాలు చదువుతూనే ఉన్నారు, టిక్కులు పెడుతూనే ఉన్నారు, పోయే వారం ముందు దాకా.

మొదటి నుంచి తిప్పుతాను. ఒకటి. రెండు. మూడో కాగితం తిరగదు, నాలుగుతో అతుక్కుని ఉంది, మధ్యలో గట్టిపడిన మెతుకు వేలికి తగులుతోంది.

ఆయనకి తెలుసు. తెలిసి, మెతుకుని నాకు దగ్గరగా జరిపి ఇచ్చారు.

వేలు తడిచేసుకుంటాను.